జీతం అంకె కాదు, జీతం కాగితం చూడండి



ఒక కొడుకు హైదరాబాదులో, ఒకడు దుబాయిలో, ఇంకొకడు జర్మనీలో ఉండే ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఒక్కోసారి ముగ్గురిదీ ఒకే కంపెనీ కూడానూ! "పెద్దాడికి అంతొస్తే చిన్నాడికి ఇంతేనా?" అని మనం అనడం, తోడికోడళ్లు మొహాలు ముడుచుకోవడం మామూలే. కానీ కంపెనీ ఒకటైనా జీతం లెక్క ఏ దేశానిది ఆ దేశానిదేనండీ.

మన దేశంలో సాధారణంగా మూలవేతనంలో నూటికి 12 వంతున ప్రావిడెంటు ఫండుకు పోతుంది. యజమానీ అంతే వేయాలి. జర్మనీలో పన్ను కాక, ఒక్క పింఛను పద్దు కిందే ఉద్యోగి వంతుగా నూటికి 9.3 పట్టుకుంటారు. దుబాయిలోనో, జీతం మీద ఆదాయపు పన్నే లేదు.

అయితే దుబాయి వాడే అదృష్టవంతుడా? తొందరపడకండి. అక్కడ మనవాళ్లకు ప్రభుత్వ పింఛను లేదు. కనీసం ఏడాది పనిచేసి మానేస్తే గ్రాట్యుటీ ఇస్తారు. మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల వేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులది. అదీ మూలవేతనం మీదే.

చూడండి, ఇద్దరికీ నెలకు 3,000 దిర్హములే వస్తున్నాయనుకుందాం. ఒకరి మూలవేతనం 2,400, మరొకరిది 1,200, మిగతాది అలవెన్సులు. 5 ఏళ్ల తర్వాత మొదటివారికి 8,400 దిర్హములు వస్తే, రెండోవారికి 4,200! నెలనెలా తేడా కనబడదు, తిరిగొచ్చే రోజున కనబడుతుంది. అందుకే కాంట్రాక్టు మీద సంతకం పెట్టకముందే మూలవేతనం ఎంతో అడగమనండి.

అక్కడ ప్రైవేటు కంపెనీలు జీతాన్ని బ్యాంకు వంటి గుర్తింపు ఉన్న సంస్థల ద్వారా ఇచ్చే పద్ధతి 2009లో పెట్టారు. ఎప్పుడు ఎంత ఇచ్చారో ప్రభుత్వానికి తెలుస్తుంది. కాబట్టి జీతం కాగితంలో ఉన్నదీ, బ్యాంకులో పడిందీ సరిపోయాయో లేదో ప్రతి నెలా చూసుకోవాలి.

ఇక్కడి కంపెనీయే కొంతకాలానికి జర్మనీ పంపిందనుకోండి. ఇలాంటివారికోసం మన దేశానికి కొన్ని దేశాలతో ఒప్పందాలున్నాయి. మొదటిది బెల్జియంతో 2009లో అమలుకొచ్చింది, జర్మనీతోనూ ఉంది. బయలుదేరే ముందే ప్రావిడెంటు ఫండు కార్యాలయం నుంచి ధ్రువపత్రం తీసుకుంటే, నిర్ణీత కాలం దాకా అక్కడ పింఛను చందా కట్టక్కర్లేదు. లేకపోతే రెండుచోట్లా కట్టాల్సి రావచ్చు.

పచారీ కొట్టు చీటీలు దాచే మనకు ఇదో పెద్ద పనా చెప్పండి? కాంట్రాక్టు నకలూ, నెలనెలా జీతం కాగితమూ పంపించమనండి. ఓ ఫైలులో వరసగా పెట్టండి. రేపు బాకీ తేలాల్సి వస్తే మాటలకన్నా ఆ కాగితాలే గట్టిగా మాట్లాడతాయి.