హెచ్.ఐ.వి. సోకిన స్త్రీలు – పాల సంఘాల బాధ్యత

(సర్వసభ్య సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల తనిఖీకి వచ్చేవాడికి జబ్బుల మాటెందుకని మీరనుకోవచ్చు. ఈ సంగతి నాకు తెలిసింది లెక్కల పుస్తకంలోనే. 2012లో ఒక సంఘంలో (ఊరి పేరు చెప్పను) సేకరణ రిజిస్టరు తిరగేస్తుంటే, రెండు పూటలా పోసే ఒక సభ్యుని ఖాతా ఒక తేదీ నుండి ఖాళీగా ఉంది. గేదె వట్టిపోయిందా అని అడిగాను. కార్యదర్శి నీళ్లు నమిలాడు. సభ్యుడు హెచ్.ఐ.వి.తో పోయాడు, భార్యకూ సోకింది. ఆమె తెచ్చిన పాలు క్యానులో కలిపితే తాము పోయమని నలుగురు అడ్డుపడ్డారు.

ఆమెను కలిశాను. ఉన్న రెండు గేదెలలో ఒకదానిని, నీవల్లే మావాడు పోయాడంటూ అత్తవారు తోలుకుపోయారట. నిజానికి జబ్బు ఆమెకు వచ్చింది భర్త నుండే. మన దేశంలో చాలామంది ఇల్లాళ్లకు ఇలాగే సోకింది. “మందులు ఉచితమే బాబుగారూ, బస్సువాడు ఊరికే ఎక్కించుకోడుగా” అన్నది. పాల బిల్లు ఆగాక రెండు నెలలు ఆసుపత్రికే వెళ్లలేదు. (ఇప్పుడు ఆర్టీసీలో స్త్రీలకు టిక్కెట్టు తప్పింది; ఆ రోజు కూలి మాత్రం పోతూనే ఉంది.)

ఏ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో కొన్ని ఆసుపత్రులలో మొదలైంది. 2017 నుండి జబ్బు తేలిన ప్రతివారికీ ఇస్తున్నారు. రోజూ మానకుండా వేసుకుంటే వైరస్ అణగి, మనిషి మామూలుగా పనిచేసుకోగలదు. మానితే మళ్లీ పెరుగుతుంది; ఒక్కోసారి అదే మందు ఆపైన పనిచేయదు. కనుక ఆమెకు పక్షం బిల్లు కూడా మందు కిందే లెక్క.

తల్లిపాల ద్వారా బిడ్డకు సోకవచ్చునని విన్నవారు గేదె పాలకూ దానిని ముడిపెడుతున్నారు. ఇది మనుషుల వైరస్. గేదెకు సోకదు, గేదె పాలలో ఉండదు. పితికిన చేతి వల్ల గాని, క్యాను వల్ల గాని రాదు. పైగా ఎవరికి జబ్బున్నదీ వారి అనుమతి లేకుండా బయటపెట్టరాదని 2017 నాటి చట్టం చెబుతోంది. 2018 సెప్టెంబరు నుండి అది అమలులో ఉంది. కార్యదర్శులు గమనించాలి.

ఆ సంఘంలో రెండు సమావేశాలు పట్టింది. భర్త వాటా ఆమె పేరుకు మారింది, పాలు తీసుకున్నారు. గేదె మాత్రం తిరిగి రాలేదు. వీలునామా లేకుండా హిందువైన భర్త పోతే భార్యకు, పిల్లలకు, తల్లికి సమాన భాగాలని 1956 నుండి చట్టమున్నా, ఒంటరి స్త్రీ ఎవరితో పోట్లాడుతుంది?

మీ రిజిస్టరులో నామినీ గడులు చాలా ఖాళీగా ఉన్నాయి. భోజనాలకు లేచేముందు భార్య పేరు రాయించి సంతకం చేయండి. పుస్తకం ఈ బల్లమీదనే ఉంది.