ఆకలి దినాన వచ్చిన శోధన

(రేడియో ప్రసంగ పాఠము. ధ్యానభాగము: మత్తయి 4:1–11)

స్వర్ణముఖి ఒడ్డున ఉన్న మన నాయుడుపేట నుండి మాట్లాడుతున్నాను. బైబిలు దగ్గరుంటే మత్తయి సువార్త నాలుగవ అధ్యాయము తెరచి పెట్టుకోండి. పొయ్యి దగ్గరున్న తల్లులు పని ఆపనక్కరలేదు, వింటే చాలు.

శోధన అనగానే మనకు ఏమి తోస్తుంది? సారాయి, పేకాట, ఇప్పుడైతే సెల్‌ఫోనులో పందేలు. అవి శోధనలు కావని నేను అనను. అయితే అరణ్యములో మన ప్రభువుకు వచ్చిన మొదటి శోధన చూడండి. రొట్టె! నలభై దినాలు ఉపవాసమున్న మనిషిని రొట్టె తినమనడం పాపపు మాటగా వినపడుతుందా? అంత ఆకలితో ఎవరైనా మన గడప తొక్కితే మనమూ అదే మాట అంటాం. పైగా రొట్టె మీద ప్రభువుకు కోపమేమీ లేదు. తరువాత అయిదు రొట్టెలతో అయిదువేల మందికి పెట్టినది ఆయనే గదా!

మరి తప్పు ఎక్కడుంది ప్రియులారా? అపవాది ఆ రొట్టె వెనుక ఒక ప్రశ్న దాచాడు. నీవు నిజముగా కుమారుడవైతే నీ తండ్రి నిన్ను ఇలా ఎండబెడతాడా? ఆయన పట్టించుకోవడం లేదు గనుక నీ సంగతి నీవే చూసుకో. ఇదీ ఆ మాటలోని విషము. మూడవ అధ్యాయం చివర చూడండి. యొర్దాను నది దగ్గర ఈయన నా ప్రియ కుమారుడని తండ్రి చెప్పిన మాట ఇంకా చెవిలో మ్రోగుతూనే ఉంది. సాతాను గొడ్డలి పెట్టింది సరిగ్గా ఆ మాట మీదే. ఏదెను తోటలో హవ్వమ్మతో అతడు మొదలుపెట్టిందీ ఇలాగే. పండు రుచి సంగతి తరువాత, దేవుడు మీ దగ్గర ఏదో దాస్తున్నాడు సుమా అన్న అనుమానం ముందు. నమ్మిక కదిలితే చాలు, అవిధేయతను అతడు నెట్టనక్కరలేదు, అది దానంతట అదే పడుతుంది.

యేసు ప్రభువు ఇచ్చిన జవాబు ద్వితీయోపదేశకాండము ఎనిమిదవ అధ్యాయములోనిది. అది మన్నా తిన్న జనముతో మోషే చెప్పిన మాట. మన్నా సంగతి మీకు తెలుసు. ఏ రోజుది ఆ రోజు ఏరుకోవాలి. రేపటికని దాస్తే పురుగులు పట్టింది. నలభై ఏండ్లు ఆ జనము ఉదయాన్నే గుడారము బయటకు వచ్చి, ఈ పూటకూ ఉందా అని చూడవలసి వచ్చింది. తండ్రి చెప్పినప్పుడు తింటాను, శత్రువు చెప్పాడని తినను అని ప్రభువు అక్కడ నిలబడ్డాడు.

సౌలు రాజు నిలబడలేకపోయాడు. 1 సమూయేలు 13లో, సమూయేలు వచ్చేవరకు ఏడు దినాలు ఆగమన్నారు. సౌలు ఆగాడు, అన్యాయంగా చెప్పకూడదు, ఏడు దినాలూ ఆగాడు. జనము చెదరిపోతున్నారని చివరి గడియలో తానే బలి అర్పించాడు. అది ముగియగానే సమూయేలు వచ్చాడు! ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు సౌలు మీద జాలి వేస్తుంది.

ఇప్పుడు మన తెలుగు నేల మీద జరిగిన ఒక సంగతి చెబుతాను. మన నాయుడుపేట ప్రాంతానికి 1860లలో వచ్చినవారు జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషనెరీలు. ఒంగోలుకు వచ్చినవారు అమెరికా బాప్తిస్టులు. సంఘాల పేర్లు వేరైనా ఈ చరిత్ర మనందరిదీ. మన ఊరి హైవే పట్టుకొని ఉత్తరంగా నెల్లూరు, ఒంగోలు దాటితే మద్దిపాడు దగ్గర గుండ్లకమ్మ ఏరు వస్తుంది. ఆ ప్రాంతములో వెల్లంపల్లి అనే ఊరుంది. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ అక్కడికి వస్తాము.

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు. మన పెద్దలు ధాత కరువు అనేవారు. అప్పుడు ఒంగోలులో ఉన్న మిషనెరీ జాన్ క్లౌ దొరగారు. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకానికి ఆయన కాంట్రాక్టు తీసుకున్నారు. మనకు తూర్పున పులికాట్ వైపు సాగేది కూడా ఆ కాలువే. గుంపులు గుంపులుగా వచ్చిన జనానికి పని ఇచ్చి, కూలి ఇచ్చి బ్రతికించారు. సంఘ బోధకులే మేస్త్రీలు. పని మధ్యలో చెట్ల నీడన కూర్చున్నప్పుడు ఆ బోధకులు యేసు సంగతి చెప్పేవారు. విన్నవారిలో ఎంతోమంది మాకు బాప్తిస్మమివ్వండి అని అడిగారు.

బాప్తిస్మము మంచిదే గదా. సాక్షాత్తు ప్రభువు ఆజ్ఞ. మనమైతే ఏం చేసేవాళ్ళం? మీ సంగతి తెలియదు గాని, నేనైతే ఆ ఆదివారమే నీళ్ళ దగ్గరకు తీసుకుపోయి, సాయంత్రానికి లెక్క వ్రాసి పై వారికి పంపేవాడినేమో. క్లౌ దొరగారు ఇవ్వలేదు. ఒక వారమో నెలో కాదు, 15 నెలలు బాప్తిస్మాలు ఆపారు. గింజల కోసం, కూలి కోసం ఎవ్వరూ క్రీస్తు పేరు పెట్టుకోకూడదని ఆయన పట్టుదల. అది తేలికైన నిర్ణయమని అనుకోకండి. అడుగుతున్నవారు రేపు ఉంటారో ఉండరో తెలియని మనుష్యులు. ఒక్కొక్కరిని ఆగమని చెప్పినప్పుడు ఆ కాపరి గుండె ఎలా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు ఆలోచించాను. ఈ ఆత్మలు దేవునివి, కాపాడుకొనేవాడు ఆయనే అని నమ్మకపోతే ఆ మాట నోట రాదు.

1878లో సహాయము పంచే పని ముగియవచ్చింది. వెల్లంపల్లిలో జనము కూడారు. చాలామంది మాదిగ పల్లెలవారు. ఇక ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇండ్లకు వెళ్ళండి అని దొరగారు చెప్పారు. వారు కదలలేదు. కాయలు కాచిన చేతులు చూపించి, మేము పని చేసి బ్రతికేవాళ్ళము, మీ డబ్బు మాకు వద్దు, మళ్ళీ పంట పోతే చస్తాము, చచ్చినా క్రైస్తవులుగా చస్తాము అనే అర్థము వచ్చేటట్లు మాట్లాడారని ఆయనే వ్రాసి పెట్టారు. జూలై 3వ తేదీన ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలోకి దిగి బాప్తిస్మమిచ్చారు. ఆ ఒక్క దినమే 2,222 మంది.

ఆ సంఖ్య మన సంఘాల్లో చాలామందికి కంఠతా వచ్చు. దాని వెనుకనున్న 15 నెలలు ఎవరూ చెప్పరు. కాపరి ఆగినందువల్లనే గదా, గింజలు లేని దినాన కూడా మాకు యేసు కావాలని చెప్పే అవకాశము ఆ బీదలకు దొరికింది! రొట్టె శోధన వారికీ వచ్చింది, వారూ గెలిచారు.

ఇక నా సంగతి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. నేను కాపరిగా ఉన్న సంఘపు మందిరము సిమెంటు రేకులది. నవంబరులో వాయుగుండము పట్టిందంటే అక్కయ్యలు పాటల పుస్తకాలకంటె ముందు బక్కెట్లు సర్దుకోవాలి. కొన్నేండ్ల క్రితము ఎన్నికల ముందు ఒక పెద్దమనిషి ఇంటికి వచ్చాడు. “అయ్యగారూ, శ్లాబు నేను వేయిస్తాను. ఎన్నికల ముందు ఆదివారము ప్రసంగము చివర మా వాళ్ళ గురించి ఒక్క మాట చెప్పండి, అంతే” అన్నాడు. “ప్రార్థన చేసి చెబుతానండీ” అన్నాను. ప్రియులారా, అది అబద్ధము. జవాబు నాకు అప్పుడే తెలుసు. వద్దనడానికి మనసు రాక ప్రార్థన పేరు వాడుకున్నాను. ఆ రాత్రి కవరు వెనుక సిమెంటు మూటలు, కమ్మీ, కంకర లెక్కలు వేసుకుంటుంటే నా భార్య చూసింది.

“ఏమండీ, దేవుడు ఏమన్నాడు?”

“ఇంకా అడగలేదు” అన్నాను.

ఆమె మరేమీ అనలేదు. నేనే రెండు వారాలు తిప్పి, చివరకు వెళ్ళి వద్దని చెప్పి వచ్చాను. దూతలెవరూ సిమెంటు మూటలు తెచ్చి దించలేదు. సంఘ పెద్దల్లో ఇద్దరు నాతో చాలా రోజులు సరిగా మాట్లాడలేదు. పైకప్పు ఇప్పటికీ రేకులే. మొన్నటి వానకు బల్ల మీద పరచిన తెల్లగుడ్డ తడిసింది. విధేయత చూపితే ప్రతివారికి 2,222 వస్తుందని నేను చెప్పను, ఎవరైనా చెబితే నమ్మవద్దు. కాని ఆదివారము ప్రసంగ వేదిక ఎక్కినప్పుడు ఎదుట కూర్చున్నవారి ముఖాలు చూడగలుగుతున్నాను.

వింటున్న తమ్ముడా, నీ రొట్టె ఏదో నాకు తెలియదు. ఉద్యోగానికి ఎవరికో ఇవ్వవలసిన కవరా? చెల్లి పెండ్లి చేయాలి, అందుకే మాకూ కట్నం కావాలని ఇంట్లో అంటున్న మాటా? (క్రైస్తవులమైన మనము మోకరించి ప్రార్థన చేసి మరీ కట్నం అడుగుతాము, దేవుడు మనలను క్షమించును గాక.) అమ్మా, పిల్లల ఫీజు గడువు దగ్గరపడి, డ్వాక్రా లెక్కల పుస్తకము నీ చేతిలోనే ఉన్నదా? అవసరము నిజమే. ప్రభువు ఆకలి కూడా నిజమైనదే, అబద్ధపు ఆకలి కాదు. ఈ రాత్రి ఆ అవసరాన్ని దాని పేరు పెట్టి తండ్రికి చెప్పు. అడగకముందే లెక్కలు వేయవద్దు, నేను వేసినట్లు. నీవు ఒంటరిగా మోయలేకపోతే నీ సంఘములో నమ్మకమైన ఒక్కరికి చెప్పు. దాచిపెట్టిన శోధనకు బలము ఎక్కువ.

ప్రార్థన చేద్దాము.

అరణ్యములో ఆకలిగొన్న ప్రభువా, మా ఆకలి నీకు తెలుసు. ఈ వారము డబ్బు అవసరమై నిద్రపట్టని వారు ఈ మాటలు వింటున్నారు. రేపు ఉదయము సంతకము పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నవారున్నారు. వారి చెయ్యి పట్టుకో. నీవు చెప్పేవరకు ఆగే నమ్మికను, నీవు చెప్పగానే కదిలే విధేయతను వారికీ నాకూ దయచేయుమని నీ నామమున అడుగుతున్నాము తండ్రీ. ఆమేన్.