మాటలకీ ఓ వరుస ఉంది



మా అమ్మాయి మూడో తరగతి చదువుతున్న రోజుల మాట. నేను పప్పులోకి పోపు వేయిస్తున్నాను. పిల్ల పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఔదార్యం అంటే ఏమిటి?" అంది. నాకు తెలిసీ తెలియనట్టుగా ఉంది. అలవాటు ప్రకారం "నాన్నగారు రాగానే అడుగు" అన్నాను. అది కదలలేదు. "ఎప్పుడూ నాన్నగారినే అడగమంటావేం? నీకు రాదా?" అంది. పోపు మాడిపోయిన సంగతి కూడా నేను చూసుకోలేదు.

నేనూ మెట్రిక్ పాసైనదాన్నే. బీరువాలో నిఘంటువు ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో దాని మీద దుమ్ము దులపడమే గాని, తెరిచి ఒక్క మాట వెతికి ఎరగను. ఆ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని తెరిచాం. ఆ ఒక్క మాట దొరకడానికి పావుగంట పట్టింది! అక్షరమాల ఇద్దరికీ కంఠతా వచ్చు. అయినా వల్లించడం వేరు, వెతకడం వేరు అని ఆవేళ తెలిసింది.

పూర్వం పెద్దలు అమరకోశం బట్టీ పట్టేవారు. అందులో మాటలు అకారాదిగా ఉండవు. దేవతల పేర్లు ఒకచోట, చెట్ల పేర్లు ఒకచోట శ్లోకాల్లో ఉంటాయి. నోటికి వచ్చినవారికి వెతికే పనేముంది? బ్రౌను దొర 1852లో అచ్చు వేయించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885లో వెలువరించిన శబ్దరత్నాకరం, ఇవి అకారాది వరుసలో ఉంటాయి. ఆ వరుస పట్టుబడితే అమరం రాని ఆడపిల్లయినా ఒకరిని అడగక్కర్లేకుండా అర్థం తెలుసుకోవచ్చు.

మర్నాడే నేను ఉత్సాహం కొద్దీ ఇరవై మాటలు రాసిచ్చి సర్దమన్నాను. తప్పులు చేసింది. కసిరాను. ఏడ్చింది. తప్పు దానిది కాదు, నాది. మెట్లు వేయకుండా మేడ ఎక్కమంటే ఎలా ఎక్కుతుంది?

అప్పుడు ఇలా మొదలుపెట్టాం. గుణింతాలు వచ్చిన పిల్లలైతే మీరూ చేసి చూడండి. రోజుకి పది నిమిషాలు, అయిదు చీటీలు చాలు.

మొదటి మెట్టు, మొదటి అక్షరాలు వేరువేరుగా ఉన్న మాటలు. వంటింటి డబ్బాల పేర్లే రాయండి. ఉప్పు, కారం, జీలకర్ర, పసుపు, బెల్లం. చీటీలు కలిపేసి వరుసగా పేర్చమనండి. ఏది ముందో తేల్చుకోవడానికి పిల్లలు ప్రతిసారీ 'అ' దగ్గర నుంచి వల్లిస్తారు. దానికి వేళ్ల లెక్క నేర్పండి. బొటనవేలు క, చూపుడువేలు చ, నడిమివేలు ట, ఉంగరపువేలు త, చిటికెనవేలు ప. వేలికి అయిదేసి అక్షరాలు. అచ్చులు వీటికి ముందు, య ర ల వ మొదలైనవి వీటి తర్వాత. "ద ముందా, బ ముందా?" అంటే వేళ్లు చూసుకుని చెప్పేస్తారు.

రెండో మెట్టు గుణింతం. పసుపు, పాలు, పిండి, పుదీనా, పెసలు, పొట్లకాయ. అన్నీ 'ప' గుణింతమే. తలకట్టు ముందు, దీర్ఘం తర్వాత, ఆపైన గుడి, కొమ్ము, అలా.

మూడో మెట్టు, మొదటి అక్షరం అన్నింటికీ ఒకటే. పచ్చడి, పటిక, పనస, పప్పు, పసుపు. మొదటి అక్షరాన్ని వేలితో మూసి రెండోది చూడమనండి. మా అమ్మాయికి ఇది ఆటలా ఉండేది.

ఒత్తులు ఆఖర్న చెప్పండి. గుణింతాలన్నీ అయ్యాకే ఒత్తులు వస్తాయి. కాబట్టి గడియ ముందు, గడ్డి తర్వాత. ఇక సున్న దగ్గర మేమిద్దరం తికమకపడ్డాం. అక్షరమాలలో 'అం' అచ్చుల చివర ఉంటుంది కదా! మా ఇంటి నిఘంటువులో మాత్రం అంకె, అంగడి లాంటివి మొదటి పుటల్లోనే ఉన్నాయి. మీ ఇంటి పుస్తకంలో సున్న మాటలు ఎక్కడున్నాయో మీరు ముందుగా చూసుకుని పిల్లలకి చెప్పండి.

తప్పు పేరిస్తే చీటీ లాక్కోకండి. "ఇది దీని కంటే ముందెందుకు?" అని అడగండి. కారణం చెబుతూ చెబుతూ వాళ్లే దిద్దుకుంటారు.

రెండు నెలలు తిరక్కుండా మా అమ్మాయి మాట ఇట్టే వెతికేసేది. నాకూ అలవాటైంది. ఇప్పుడు తెలియని మాట ఎదురైతే మా ఇంట్లో "నాన్నగారిని అడుగు" అని ఎవరూ అనరు. "పద, చూద్దాం" అంటాం. మావారు కూడా అప్పుడప్పుడు, "ఈ మాటకి అర్థం కాస్త చూసి పెట్టు" అని నన్నే అడుగుతున్నారు!

మీ బీరువాలోనూ నిఘంటువు ఉంటే, ఈవేళ దుమ్ము దులిపి ఊరుకోకండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని తెరవండి.