తప్పు పట్టు విద్య: ఆచార్య సుధాకర్ రెడ్డిగారి రచనలు

(సూరతు నగరమున కేంద్ర ప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘ సభలో గావించిన ఉపన్యాసము)



సూరతులోని లింబాయతు, ఉధనా ప్రాంతములలో తెలంగాణమునుండి వచ్చిన మన నేతపనివారు మరమగ్గములపై పనిచేయుచున్నారు. మగ్గము దిగిన తాకాను బల్లపై పరచి, గజము గజముగ జరుపుచు చూచువాని కన్ను తెగిన పోగును ఇట్టే పట్టుకొనును. బట్ట తన తప్పును దాచుకొనజాలదు. కాని వ్రేలిగోరంత సిలికాను ముక్కపై కోట్లకొలది ట్రాన్సిస్టరులను అల్లినయెడల, అందు తెగిన పోగును పట్టుట యెట్లు? ఈ ప్రశ్నకే తన విద్వత్తునంతయు ధారపోసిన తెలుగువారు ఆచార్య సుధాకర్ ఎం. రెడ్డిగారు.

వారు చీరల నేతకు పేరెన్నికగన్న గద్వాలలో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమునను, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయందును చదివి, అమెరికాలోని ఐయోవా విశ్వవిద్యాలయమున 1968లో డాక్టరేటు పొంది, అచటనే అధ్యాపకులై, తమ శాఖకు చిరకాలము అధ్యక్షత వహించిరి. వారి వ్యాసములు కొన్ని వందలు. కాని వ్యాసముల సంఖ్య చెప్పి ఊరకుండుట, ఒక గుమాస్తా ఏడాదిలో ఎన్ని ఫైళ్లు కదపెనో చెప్పుటవంటిది. ఏ ఫైలువలన ఎవరికి మేలు కలిగెనో ఆ అంకె చెప్పదు. కావున కొన్ని వ్యాసములనే విప్పి చూచుట మేలు.

1972 నవంబరులో వెలువడిన ఆరు పుటల వ్యాసము వానిలో ముఖ్యమైనది. దాని విషయము సులభముగ పరీక్షింపదగిన వలయముల నిర్మాణము. ఏబది తీగెలు లోనికి పోవు వలయమొకటి కలదనుకొందము. ప్రతి తీగెపై సున్న గాని ఒకటి గాని యుండవచ్చును. ఆ కూర్పులన్నియు 11 వందల లక్షల కోట్లకు పైబడును. సెకనుకు పది లక్షల చొప్పున పరీక్షించినను ముప్పదియైదేండ్లు దాటును! వినియోగదారుడు అంతవరకు వేచియుండునా?

రెడ్డిగారు అడిగిన ప్రశ్న వేరు. వలయమును కట్టిన పిదప పరీక్షకై తంటాలు పడనేల? పరీక్షకు లొంగునట్లుగనే ఏల కట్టరాదు? ఇందులకై వారు రీడ్-ముల్లర్ రూపమును గైకొనిరి. అందు 'ఆండ్' ద్వారముల ఫలితములన్నియు 'ఎక్స్-ఆర్' ద్వారముల గొలుసులోనికి పోవును. ఎక్స్-ఆర్ ద్వారమున కొక గుణము కలదు. దానిలోనికి వచ్చు తీగెలలో ఒక్కటి మారినను ఫలితము తప్పక మారును. అనగా తప్పు మధ్యలో అణగిపోక చివరివరకు నడచి వచ్చును. లోనికి పోవు తీగెలు బాగుండి, ఒకే చోట దోషమున్నచో, తీగెల సంఖ్యకు నాలుగు కలిపినన్ని పరీక్షలు చాలునని వారు నిరూపించిరి. ఏబది తీగెలకు ఏబదినాలుగు! పైగా ఆ వలయము చేయు గణన ఏదైనను ఈ పరీక్షలు మారవు.

ఇందొక చిక్కు లేకపోలేదు. అట్టి గొలుసు దీర్ఘమైనకొలది ఫలితము వెలువడుట ఆలస్యమగును, ద్వారముల సంఖ్యయు పెరుగవచ్చును. సిద్ధాంతమున అందమైనది కర్మాగారమున ఖరీదైనది కావచ్చును గదా. అయినను, పరీక్షను రూపకల్పనలోనే ఇమిడ్చవలెనను దృష్టికి ఇది చక్కని ఉదాహరణము.

ఆలస్యమనుమాట వచ్చినది గనుక వారి 1987 నాటి వ్యాసము చెప్పవలెను. లిన్ అను వారితో కలిసి వ్రాసిన ఈ వ్యాసము కంప్యూటరు సహాయముతో వలయ రూపకల్పన చేయుటకే ప్రత్యేకించిన పత్రికలో వెలువడినది. వలయము సరియైన సమాధానమే చెప్పును, కాని గడియారపు గంట మ్రోగిన పిదప చెప్పును. ఇదియు దోషమే. దీనిని పట్టుటకు ఒకదాని వెంట నొకటిగ రెండు సంకేతములు పంపవలెను. చిక్కేమన, ఇతర మార్గముల ఆలస్యములు అసలు దోషమును కప్పిపుచ్చవచ్చును. తక్కిన మార్గములెంత ఆలసించినను చెడని పరీక్షకు ఉండవలసిన లక్షణములను ఆ వ్యాసము చర్చించినది. పొరుగువాని నడవడినిబట్టి మారని సాక్ష్యమువంటిది ఆ పరీక్ష.

1990 తరువాతి వ్యాసములలో చాలభాగము ఇరిత్ పోమెరాంజ్ అను విదుషీమణితో కలిసి వ్రాసినవి. వీరిరువురును లక్ష్మీ ఎన్. రెడ్డిగారును 1991లో ప్రకటించిన 'కాంపాక్టెస్ట్' అను పద్ధతి, ఒక్కొక్క పరీక్షచేతనే అనేక దోషములు బయటపడునట్లు చేసి, పరీక్షల పట్టికను కుదించును. పట్టిక కుదించుట అల్పవిషయమని తోచవచ్చును. కాని పరీక్షాయంత్రము ఖరీదు మెండు. ఒక్కొక్క చిప్పు దానిపై నిలుచు కాలమునకు వెల కట్టవలసియుండును.

ఆ వెల ఈ గుజరాతు రాష్ట్రమునకును దగ్గరకు వచ్చినది. 2023లో సానందునందు మైక్రాన్ సంస్థ చిప్పుల కూర్పునకును పరీక్షకును కర్మాగార నిర్మాణము ప్రారంభించినది. జ్ఞాపకపు చిప్పులను పరీక్షించు పద్ధతులు కొంత వేరు. అయినను, అచటను చిప్పు నిలుచు సెకన్లను లెక్కించుచునే యుండవలెను.