మొదటి పేజీలో మూడు పంక్తులు



పండుగకు ఇల్లు దులిపేటప్పుడు అటకమీది పెట్టె దించుతాం. అందులో అట్ట ఊడిన పాత పుస్తకం ఒకటి బయటపడుతుంది. "ఇదెందుకూ, పాతకాగితాలవాడికి వేసేద్దాం" అంటాం. వేసేముందు ఒక్కసారి మొదటి పేజీ తిప్పి చూడండి. ఈవేళ నేను చెప్పదలచింది ఆ ఒక్క పేజీ గురించే.

కపిలేశ్వరపురంలో మా పుట్టింట నాకు అక్షరాభ్యాసం చేసిననాడు, మా తాతగారి స్నేహితులు, పద్యాలు వ్రాసే పెద్దాయన ఒకరు, అప్పుడే అచ్చయిన తమ పుస్తకం నా చేతిలో పెట్టారట. లోపలి తెల్లకాగితం మీద నా పేరు, దాని కింద మూడు పంక్తుల దీవెన, సంతకం, తేదీ. ఓనమాలు దిద్దలేని పిల్లకు పద్యాలెందుకని మా నాయనమ్మ నవ్విందట. "ఇప్పటికి కాదమ్మా, పెద్దయ్యాక చదువుకుంటుంది" అన్నారట ఆయన.

ఇటువంటి ముచ్చటే ఇంగ్లండులో ఒకటి జరిగింది. క్రైస్తవుల ఇళ్ళలో బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు, ఆ బిడ్డ మంచిచెడ్డలకు అండగా ఉంటానని ఒక పెద్దమనిషి మాట ఇస్తాడు. ఆయన్ని జ్ఞానతండ్రి అంటారు. టి. ఎస్. ఎలియట్ అనే మహాకవి తన ప్రచురణకర్త జెఫ్రీ ఫేబర్ కొడుకు టామ్‌కు జ్ఞానతండ్రి. 1930ల్లో ఆ పిల్లవాడికీ, మరికొందరు స్నేహితుల పిల్లలకూ పిల్లుల మీద సరదా పద్యాలు కట్టి ఉత్తరాల్లో పంపేవాడు. 1937 క్రిస్మస్‌నాడు వాటిని బి.బి.సి. రేడియోలో చదివారు. 1939లో పుస్తకంగా వచ్చాయి. తొలి ముద్రణ అట్టమీది బొమ్మలు కూడా కవిగారు వేసినవే.

పాత పుస్తకాలు సేకరించేవారు మొదటి ముద్రణకు విలువ కడతారు. దానిమీద కవి చేతివ్రాతతో పసివాడి పేరు కూడా ఉంటే ఇంకా ఎక్కువ కడతారు. ఎందుకంటారా? అచ్చులో పద్యం అందరిదీ. ఆ ఒక్క ప్రతిలో మాత్రం అది మళ్ళీ ఒక బిడ్డకు వ్రాసిన ఉత్తరమవుతుంది.

చేతివ్రాత మీద మక్కువ మనకూ లేకపోలేదు. శ్రీశ్రీ గారి మహాప్రస్థానం 1950లో తొలిసారి పుస్తకంగా వచ్చింది. తరువాత ఎన్నోసార్లు అచ్చయింది. అయినా 1981లో గూటాల కృష్ణమూర్తి గారు లండన్‌లో దానిని కవిగారి సొంత దస్తూరీతోనే, ఆయన గొంతు రికార్డు చేసిన క్యాసెట్టుతో సహా వెలువరించారు. ఎలియట్ పిల్లులు నాటకమై రంగస్థలం ఎక్కిందీ ఆ ఏడే, ఆ ఊళ్ళోనే!

ఇక నా సంగతి. పెళ్ళయ్యాక ఆ పుస్తకం కుట్టు ఊడిపోయిందని బైండింగుకు ఇచ్చాను. మొదటి కాగితం జాగ్రత్త అని ఒక్క మాట చెప్పలేదు. చిరుగుపట్టిన ఆ కాగితం తీసేసి, అంచులు కోసి, కొత్త అట్ట వేసి ఇచ్చారు. పద్యాలన్నీ ఉన్నాయి. నా పేరు లేదు. ఆ మూడు పంక్తుల్లో నాకు ఒక్క ముక్కయినా గుర్తులేదు. ఆయన ఉన్న రోజుల్లోనే వెళ్ళి అడగవలసింది, అడగలేదు. తప్పు నాదే.

అందుకే చెబుతున్నాను. మొదటి పేజీ వెనక "ప్రథమ ముద్రణ" అని, సంవత్సరం, ప్రతుల సంఖ్య ఉంటాయి, చూడండి. చేతివ్రాత ఉంటే ఫోటో తీసి ఉంచండి. చిరిగినచోట జిగురుటేపు వేయకండి, కొన్నాళ్ళకు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. చెమ్మ తగలని చోట పెట్టండి. బైండింగుకు ఇస్తే ఆ కాగితం తీయవద్దని రెండుసార్లు చెప్పండి. ఇచ్చినవారెవరో, ఏ సందర్భంలో ఇచ్చారో విడిగా ఒక చీటీమీద వ్రాసి లోపల పెట్టండి.

అన్నిటికన్నా ముందు, ఎవరి పేరు ఉందో ఆ బిడ్డకు చదివి వినిపించండి. దీవెన పెట్టెలో ఉంటే చాలదు, చెవిన పడాలి.