రెండో ఏడూ అందాలంటే
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉపకార వేతనం ఒకసారి మంజూరైతే చదువు ముగిసేదాకా దానంతటదే వస్తుందని మనవాళ్లలో చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. కేంద్ర ప్రభుత్వపు సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్పునే చూడండి. 2025-26 నియమాల ప్రకారం డిగ్రీ మూడేళ్లకు ఏటా 12,000 రూపాయలు. అది మరుసటి ఏడు కొనసాగాలంటే పరీక్షల్లో కనీసం 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా రెన్యువల్ దరఖాస్తు పెట్టాలి. హోసూరులో చదివినా, బెంగళూరులో చదివినా నియమం ఒక్కటే.

పాసైతే చాలుననుకోకండి. అన్ని పేపర్లూ 40 మార్కులతో గట్టెక్కినవారికి కూడా ఈ సాయం ఆగిపోతుంది. ఇక హాజరు లెక్క. కాలేజీ 180 రోజులు నడిస్తే 45 రోజులకు మించి మానరాదు. కోతలకో, చుట్టాల పెళ్లికో పిల్లల్ని ఆపేటప్పుడు ఆ 45లోంచే తీస్తున్నామని తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. రేపు జబ్బు చేస్తే ఆ రోజులే అక్కరకొస్తాయి.

అమ్మాయిలూ, అబ్బాయిలూ! ఏదైనా సబ్జెక్టులో వెనకబడితే దాచుకోవద్దు. ఫలితాలు వచ్చేదాకా ఆగక లెక్చరర్లకు, మన ట్రస్టు పెద్దలకు ముందే చెప్పండి. అప్పుడైతే ట్యూషనో, పుస్తకాలో ఏర్పాటు చేయవచ్చు. మార్కుల జాబితా వచ్చాక మేము చేయగలిగేది తక్కువ.