సర్వర్లకు సామాను చీటీ



పెళ్ళికి ముందే వంట మాస్టారు సామాను చీటీ రాసిస్తారు. అందులో ఇంగువ మరిచిపోయారనుకుందాం. పోపు వేసే వేళకు గాని ఆ సంగతి బయటపడదు. ఆయన ఇంట్లో డబ్బా నిండా ఇంగువ ఉండవచ్చు. పందిట్లో పొయ్యి మీదున్న పులిహోరకు అది అక్కరకు రాదు. మన నేటి పాఠం ఈ ఇంగువ గురించే.

సాధారణంగా ఏ కంప్యూటర్ ప్రోగ్రామూ అన్ని పనులూ సొంతంగా చేసుకోదు. ఇతరులు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము భాగాలను వాడుకుంటుంది. వీటిని లైబ్రరీలు అంటాం. ఒక ప్రోగ్రాము నడవడానికి తప్పనిసరిగా ఉండవలసిన లైబ్రరీని దాని డిపెండెన్సీ అంటాం.

ఒకటి రెండు సర్వర్లయితే మనమే కూర్చుని అమర్చుకోవచ్చు. పదులు, వందలు అయినప్పుడు ఆ పనిని ఆటోమేషన్ ఉపకరణాలకు అప్పగిస్తాం. 1993లో సీఎఫ్‌ఇంజిన్, 2005లో పప్పెట్, 2009లో షెఫ్, 2012లో యాన్సిబుల్ ఇందుకోసమే వచ్చాయి. యాన్సిబుల్‌కు మనం రాసిచ్చే చీటీ పేరు ప్లేబుక్.

ఇక నా పొరపాటు ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక కళాశాలలో మార్కుల వివరాలు ఉంచే సర్వర్లను యాన్సిబుల్‌తో అమర్చాం. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో వినియోగదారుని సృష్టించే మెట్టు దగ్గర పని ఆగిపోయింది. పైమైఎస్‌క్యూఎల్ అనే పైథాన్ లైబ్రరీ లేదని సందేశం వచ్చింది. నేను ఒక్కొక్క సర్వర్‌లోకి లాగిన్ అయి, ఆ లైబ్రరీని చేత్తో ఇన్‌స్టాల్ చేశాను. పని సాగింది. చీటీలో మాత్రం ఏమీ రాయలేదు.

కొన్ని నెలల తరువాత ఒక సర్వర్ డిస్కు పాడయింది. దాని స్థానంలో కొత్తది పెట్టి, అదే ప్లేబుక్ నడిపారు. మళ్ళీ అదే మెట్టు దగ్గర ఆగింది. ఆ రోజు నేను ఊళ్ళో లేను. మార్కుల జాబితాల కోసం పిల్లలు మధ్యాహ్నం దాకా కిటికీ ముందు నిలబడ్డారు. వారిలో కొందరికి పై చదువుల ప్రవేశానికి అదే ఆఖరి రోజు. ఐదు నిమిషాల్లో సరిచేశానని నేను మురిసిపోయిన పని, నా చేతిలో తప్ప మరెక్కడా మిగలలేదు.

ఇందులో గమనించవలసిన విషయాలు మూడు. మొదటిది, లైబ్రరీ ఎక్కడ ఉండాలి? యాన్సిబుల్‌లో ఇటువంటి పనులు లక్ష్య సర్వర్‌లోని పైథాన్‌తోనే జరుగుతాయి. ఆదేశాలు పంపే మన కంప్యూటర్‌లో లైబ్రరీ ఉంటే చాలదు. అది మాస్టారి ఇంట్లోని ఇంగువ వంటిదే.

రెండవది, ఏ పైథాన్‌కు? ఒకే యంత్రంలో రెండు మూడు పైథాన్‌లు ఉండవచ్చు. ఒకదానికి పెట్టిన లైబ్రరీ మరొకదానికి కనిపించకపోవచ్చు. యాన్సిబుల్ దేనిని వాడుతున్నదో ముందు చూసుకోండి. ప్యాకేజీ పేరు కూడా లినక్స్ రకాన్ని బట్టి మారుతుంది. ఉబుంటులో అది పైథాన్3-పైమైఎస్‌క్యూఎల్.

మూడవది, వరుస. లైబ్రరీని ఇన్‌స్టాల్ చేసే మెట్టును, దానిని వాడుకునే మెట్టుకు ముందే ప్లేబుక్‌లో రాయాలి. అక్కడ "ఇన్‌స్టాల్ చెయ్యి" అని కాక, "ఈ ప్యాకేజీ ఉండాలి" అని స్థితిని చెబుతాం. లేకపోతే యాన్సిబుల్ తెచ్చి పెడుతుంది, ఉంటే ముట్టుకోదు. అందువల్ల అదే చీటీని ఎన్నిసార్లు నడిపినా ఇబ్బంది లేదు. ఈ గుణాన్ని ఐడెంపొటెన్స్ అంటారు. "ఎప్పుడూ సరికొత్తదే ఉండాలి" అని రాస్తే మాత్రం, మనం పరీక్షించని కూర్పు ఒకనాడు వచ్చి చేరవచ్చు. జాగ్రత్త!

ప్లేబుక్ సరిగా ఉన్నదో లేదో తెలుసుకునేదెలా? ఇప్పటికే నడుస్తున్న సర్వర్ మీద పరీక్షిస్తే తెలియదు. అక్కడ మన చేతి పనులెన్నో దాగి ఉంటాయి. ఏమీ లేని కొత్త యంత్రం మీద, కనీసం ఒక వర్చువల్ మెషీన్ మీద, మొదటి నుంచి చివరి దాకా నడపండి. మధ్యలో ఎక్కడా చెయ్యి పెట్టకండి. ఆగిన ప్రతిచోటా చీటీలో ఒక సరుకు తక్కువైందని అర్థం.

అత్యవసరంలో చేత్తో సరిచేయడం తప్పు కాదు. కాని ఆ రోజు పడుకోబోయే ముందు దానిని చీటీలోకి ఎక్కించండి. రేపు ఆ సర్వర్ ముందు కూర్చునేది మీరే కానక్కరలేదు కదా!